పీల్చిన ఆక్సిజన్ ఎక్కడికి పోతుంది?

మల్కాజ్‌గిరి నుంచి ఇంటర్ బైపీసీ చదివే ఒక అమ్మాయి ఈ ప్రశ్న పంపింది: "మనం పీల్చిన ఆక్సిజన్ తిండిలోని కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వస్తుందని ట్యూషన్‌లో చెప్పారు. మరి ఎనర్జీ ఎక్కడ పుడుతుంది సార్?"

ముందు మొదటి సగం సరిచేసుకుందాం. పీల్చిన ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ అవదు, నీరు అవుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ పరమాణువులు తిన్న తిండిలోంచి, కణంలో ఉన్న నీటిలోంచి వచ్చినవి. ఇది చిన్న సవరణేమీ కాదు. ఆక్సిజన్ నీరుగా మారే చోటు తెలిస్తే, ఎనర్జీ ఎక్కడిదన్న రెండో సగానికి దారి దొరికినట్టే.

కణం గ్లూకోజ్‌ను విడగొట్టే మెట్లైన గ్లైకాలసిస్, క్రెబ్స్ వలయం గురించి ఇక్కడ రాయను. ఆ మెట్లన్నీ ప్రతి గైడులోనూ ఉన్నాయి, పిల్లలు వాటిని బట్టీ పట్టి పట్టి విసిగిపోయారు. ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఆ రెండూ ముగిసేసరికి గ్లూకోజ్‌లోని ఆరు కార్బన్లూ కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతాయి. అయినా అప్పటికి మిగిలే ఏటీపీలు (కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి అణువులు) నాలుగే! తిండిలోని శక్తిలో ఎక్కువ భాగం ఇంకా ఎలక్ట్రాన్లలోనే ఉంటుంది. ఎన్ఏడీహెచ్ లాంటి అణువులు ఆ ఎలక్ట్రాన్లను మోసుకుని, కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియా లోపలి పొర దగ్గరికి చేరతాయి.

ఎలక్ట్రాన్లలోని శక్తి ఏటీపీలోకి ఎలా మారుతుంది? శాస్త్రవేత్తలు ఇక్కడ ఏళ్ల తరబడి ఆగిపోయారు. రెంటికీ మధ్య ఏదో రసాయన పదార్థం ఉండి తీరాలనుకుని, పెద్ద పెద్ద ల్యాబులన్నీ దాని కోసం వెతికాయి. అది దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, అలాంటి పదార్థమేదీ లేదని, మధ్యలో ఉన్నది ఒక డ్యామ్ లాంటి ఏర్పాటని తేల్చి చెప్పాడు. చాలామంది నమ్మలేదు. ఆయన ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో పాడుబడిన ఒక పాత భవంతిని బాగుచేయించుకుని, జెన్నిఫర్ మోయల్ అనే సహచరురాలితో కలిసి అక్కడే ప్రయోగాలు సాగించాడు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది.

డ్యామ్ అంటే హైదరాబాద్ వాళ్లకు నాగార్జున సాగర్ గుర్తొస్తుంది. మన కుళాయిల్లో వచ్చే కృష్ణా నీళ్లలో పెద్ద వాటా అక్కడిదే. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరతాం. ఆ డ్యామ్‌ను మనసులో పెట్టుకోండి. గోడకు ఒకవైపు నిండుగా నీళ్లు, రెండోవైపు పల్లం. టర్బైన్ గుండా నీళ్లు కిందికి దూకితే కరెంటు పుడుతుంది. మైటోకాండ్రియాలో లోపలి పొరే గోడ. నీళ్లకు బదులు ప్రోటాన్లు, అంటే ధనావేశం ఉన్న హైడ్రోజన్ అయాన్లు, ఉంటాయి. ఆ రిజర్వాయర్‌ను నింపడానికే మనం అన్నం తింటున్నాం.

నింపే పని ఆ పొరలోనే ఉన్న మూడు ప్రోటీన్ పంపులది. ఎన్ఏడీహెచ్ తెచ్చిన రెండు ఎలక్ట్రాన్లు మొదటి పంపు మీదుగా పోతే నాలుగు ప్రోటాన్లు గోడ దాటి పైవైపుకు వెళతాయి. తర్వాతి పంపు దగ్గర మరో నాలుగు, ఆఖరి పంపు దగ్గర రెండు. మొత్తం పది. ఆఖరి పంపు దగ్గర, శక్తి చాలావరకు దిగిపోయిన ఎలక్ట్రాన్లను అందుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ పని ఆక్సిజన్‌ది. అది ఎలక్ట్రాన్లనూ ప్రోటాన్లనూ కలుపుకుని నీరుగా మారుతుంది. ఆ అమ్మాయి అడిగిన ఆక్సిజన్ చేరేది ఇక్కడికే. సైనైడ్ పట్టుకునేది ఈ ఆఖరి పంపునే. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు, మూడు పంపులూ ఆగిపోతాయి.

చెట్లలోనూ ఇవే పంపులున్నాయి, రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. రాత్రి చింతచెట్టు కింద పడుకోకూడదు, దెయ్యం పడుతుందని మన పెద్దవాళ్లు అనేవారు. ఇప్పుడు కొందరు టీచర్లు దెయ్యాన్ని తీసేసి కార్బన్ డయాక్సైడ్‌ను పెట్టారు. ఆరుబయట ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది, ఎవరికీ ఊపిరాడకుండా చేయదు. పాత భయానికి సైన్స్ పేరు తగిలించి పిల్లలకు చెప్పడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మళ్లీ డ్యామ్ దగ్గరికి వద్దాం. సాగర్ ఎత్తు సుమారు 124 మీటర్లు. మైటోకాండ్రియా పొర మందం అయిదారు నానోమీటర్లే. దానికి అటూ ఇటూ ఉన్న వోల్టేజీ తేడా దాదాపు 150 మిల్లీవోల్టులు, టార్చిలైటు సెల్లులో పదో వంతు. అంత పల్చటి గోడ మీద అంత తేడా అంటే మీటరుకు దాదాపు మూడు కోట్ల వోల్టుల లెక్క! సాగర్‌లో నీటిని లాగేది ఎత్తు ఒక్కటే. ఇక్కడ గాఢతలో తేడా, విద్యుదావేశం రెండూ కలిసి ప్రోటాన్లను లోపలికి లాగుతాయి.

ఆ ప్రోటాన్లు దూకే టర్బైన్ పేరు ఏటీపీ సింథేజ్. ఇది నిజంగా తిరుగుతుంది. పొరలో ఒక చక్రం, దాని నుంచి లేచిన ఒక ఇరుసు, ఆ ఇరుసు చుట్టూ కదలకుండా ఉండే తల. మన కణాల్లో చక్రానికి ఎనిమిది రెక్కలు. ఎనిమిది ప్రోటాన్లు దూకితే ఒక చుట్టు పూర్తవుతుంది. తలలో మూడు గూళ్లున్నాయి. వంకరగా ఉన్న ఇరుసు తిరుగుతూ ఒక్కో గూటినీ వంతులవారీగా ఒత్తుతుంది. ఒక గూడు తెరుచుకుని ఉంటే, ఒకటి ఏడీపీనీ (ఒక ఫాస్ఫేట్ తక్కువైన ఏటీపీ) ఫాస్ఫేట్‌నూ వదులుగా పట్టుకుంటుంది, ఇంకొకటి బిగించి రెంటినీ ఏటీపీగా కలిపేస్తుంది. బిగిసిన గూట్లో ఏటీపీ తయారవడానికి పెద్దగా శక్తి అక్కర్లేదు. తయారైన ఏటీపీని ఆ గూడు గట్టిగా పట్టుకుంటుంది, దాన్ని విడిపించడానికే శక్తి కావాలి. పాల్ బోయర్ కనిపెట్టిన సంగతి ఇది. ఆయనకూ, తల నిర్మాణాన్ని బయటపెట్టిన జాన్ వాకర్‌కూ 1997లో నోబెల్ దక్కింది.

అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు ఈ తలను గాజు పలక మీద అతికించి, ఇరుసుకు మెరిసే ప్రోటీన్ పోగు ఒకటి తగిలించి, ఏటీపీ పోశారు. మైక్రోస్కోపులో ఆ పోగు గిరగిరా తిరుగుతూ కనిపించింది, ఎప్పుడూ ఒకే దిక్కుకు. ఆ వీడియో ఇంటర్నెట్‌లో ఉంది, తప్పకుండా చూడండి. నేను ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ప్రయోగంలో టర్బైన్ ఏటీపీని ఖర్చు చేస్తూ వెనక్కి తిరిగింది. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడు అలాంటివే. కరెంటు మిగిలినప్పుడు వెనక్కి తిరిగి నీళ్లను పైకి తోడగలవు. గుండెపోటులో రక్తం అందక పంపులు ఆగినప్పుడు గుండె కణాల్లోనూ ఏటీపీ సింథేజ్ ఇలాగే ఎదురు తిరిగి, ఉన్న కాస్త ఏటీపీని ఖర్చు చేస్తూ ప్రోటాన్లను బయటికి తోడుతుంది. దాన్ని ఆపడానికి ఐఎఫ్1 అనే చిన్న ప్రోటీన్ ఉంది.

మరి గోడకు చిల్లి పడితే? ప్రోటాన్లు టర్బైన్‌ను తప్పించుకుని లోపలికి వచ్చేస్తాయి, శక్తంతా వేడిగా పోతుంది. పసిపిల్లల భుజాల మధ్య ఉండే గోధుమరంగు కొవ్వులో ఈ చిల్లి కావాలనే ఉంది. వణికి వేడి పుట్టించుకోవడం చేతకాని వయసులో ఒంటిని వెచ్చగా ఉంచేది అదే. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే మందును బరువు తగ్గడానికి వాడారు. అది ఒళ్లంతా ఇలాంటి చిల్లులే పెడుతుంది. ఒంట్లో వేడి పెరిగిపోయి కొందరు చనిపోయారు, కొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి. 1938లో దాన్ని నిషేధించారు. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొంగచాటుగా అమ్ముతున్నారు. దయచేసి దాని జోలికి పోకండి.

ఏటీపీ అని బోర్డు మీద రాసే ప్రతి మాస్టారూ పిల్లలకు ఒక పేరు చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరాల్లోంచి ఏటీపీని వేరుచేశాడు. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే కనిపెట్టాడు. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఏటీపీ కొన్ని పదుల గ్రాములే ఉంటుంది. కానీ అది విరిగి, మళ్లీ అతుక్కుని, రోజు మొత్తం మీద తయారయ్యేది దాదాపు మన బరువంత!

ఇక పరీక్షల లెక్క. ఒక గ్లూకోజ్‌కు 36 లేదా 38 ఏటీపీలని పాత గైడ్లలో ఉంటుంది. ఇప్పటి అంచనా 30 నుంచి 32. టర్బైన్ ఒక చుట్టుకు మూడు ఏటీపీలు చేస్తుంది. ఎనిమిదిని మూడుతో భాగిస్తే ఒక్కో దానికి 2.67 ప్రోటాన్లు. ఫాస్ఫేట్‌ను లోపలికి తేవడానికి ఇంకొకటి, మొత్తం 3.67. పది ప్రోటాన్లను దీంతో భాగించి, గోడలో లీకేజీ కూడా తీసేస్తే ఒక ఎన్ఏడీహెచ్‌కు సుమారు రెండున్నర ఏటీపీలు వస్తాయి. మధ్యలో రసాయన పదార్థం ఉండి ఉంటే రెండో మూడో, పూర్ణసంఖ్యే రావాలి. ఆ అర దగ్గర పిల్లలు తికమక పడుతుంటారు. మిచెల్ చెప్పిన డ్యామ్ నిజమనడానికి ఆ అర కూడా ఒక సాక్ష్యమే.