ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇది మగోళ్ల ఆట.

1920 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఆడవాళ్ల మ్యాచ్ చూడ్డానికి 50 వేల మందికి పైగా వచ్చారు. మరుసటి ఏడే అక్కడి ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల గ్రౌండ్లలో వాళ్లను ఆడనివ్వద్దంది. 1971 దాకా అదే తీరు. గ్రౌండు ఇయ్యకపోతే ఆట దానంతటదే ఆగిపోతుంది. అనంతపురం జిల్లా బళ్లలోనూ చిక్కు అక్కడే: సాయంత్రం గ్రౌండు మగపిల్లలది, ఆడపిల్లలది చుట్టూ ఉన్న చెట్ల నీడ.

అపోహ: కలిపి ఆడిస్తే చాలు, వేరే జట్టెందుకు?

పదకొండేళ్ల దాకా కలిపే ఆడించండి, ఆట తొందరగా వస్తుంది. ఆ తర్వాత మగపిల్లల బరువు, పరుగు పెరుగుతాయి. అప్పుడు కలిపితే ఆడపిల్లను గోల్‌లోనో వెనకాలో నిలబెడతారు, బంతి కాలికి తగలడమే గగనం. పైగా స్కూల్ గేమ్స్‌లో బాలికల పోటీలు వేరు, బడుల మధ్య జరిగే సుబ్రతో కప్ ఫుట్‌బాల్ పోటీలోనూ అండర్-17 బాలికల విభాగం ఉంది. జట్టు లేని బడికి ఎంట్రీ లేదు.

అపోహ: పదకొండు మంది దొరకరు.

పద్నాలుగు మంది ఉంటే ఏడుగురు చొప్పున మ్యాచే పెట్టొచ్చు. 50 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు, గోల్‌కు ఐదు మీటర్ల ఎడంగా రెండు కట్టెలు చాలు.

అపోహ: మోకాళ్లు పోతాయి.

ఇందులో కొంత నిజముంది. ఈడొచ్చాక మోకాలి కీలు మధ్యలో ఎముకల్ని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం మగపిల్లలకన్నా ఆడపిల్లల్లో రెండింతలకు పైనే. ఎగిరి దిగేటప్పుడు, పరుగులో గబుక్కున మలుపు తిరిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం దీనికి ఒక ప్రధాన కారణం. అడుగెత్తు బెంచీ మీంచి దూకించి ఎదురుగా నిలబడి చూడండి: మోకాళ్లు ఒకదానికొకటి దగ్గరికొస్తే ఆ పిల్లకు సాధన కావాలి. మోకాలు పాదం మీదుగా నిలవాలి, దిగేటప్పుడు చప్పుడు రాకూడదు. ఫిఫా 11+ వార్మప్ దీనికే: 8 నిమిషాలు పరుగు, 10 నిమిషాలు బలం, బ్యాలెన్సు, ఎగరడం, చివర 2 నిమిషాలు వేగంగా పరుగు. వారానికి కనీసం రెండుసార్లు చేయించాలి. చాలాచోట్ల రెండు రౌండ్లు పరిగెత్తించి నడిమి పది నిమిషాలు ఎగ్గొడతారు. మోకాలిని కాపాడేది ఆ పదే.

అపోహ: నెలసరిలో ఆడకూడదు.

నొప్పి లేకపోతే ఆడొచ్చు. నీళ్లున్న బాత్రూమ్, ముదురు రంగు నిక్కరు ఉండాలి, అంతే. దానికన్నా రక్తహీనత మీద కన్నేయండి. పిల్ల ఊరికే ఆయాసపడుతుంటే పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే బద్ధకమని తిట్టి లాభం లేదు. ఐరన్ మాత్ర అన్నం తిన్నాక ఇవ్వాలి, టీతో మాత్రం వద్దు.

అపోహ: మన గట్టినేల మీద కుదరదు.

కుదురుతుంది, పొడుగు స్టడ్ల బూట్లు మాత్రం వద్దు. అవి గట్టినేలలో దిగవు, జారి కాలు మడతపడుతుంది. అడుగున చిన్న రబ్బరు బుడిపెలున్నవి కొనండి. పన్నెండేళ్ల దాకా 4వ సైజు బంతి, ఆపైన 5. గాలి నింపే సూదిని తడపకుండా గుచ్చితే వాల్వు పాడవుతుంది. ఆటకు ముందు పల్లేరుగాయలు ఊడ్పించండి, లేకపోతే వారానికో బంతి పంక్చరే. మార్చి నుంచి ఉదయం ఆరుకు మొదలుపెట్టి ఏడుంబావుకు ముగించాలి. ఆడపిల్లలకు వారంలో రెండు రోజులు గ్రౌండు మొత్తం ఇస్తున్నట్టు టైంటేబుల్‌లో రాసి, హెడ్మాస్టరు సంతకంతో నోటీసు బోర్డులో పెట్టండి. నోటిమాటగా ఇచ్చిన రోజు మగపిల్లల టోర్నమెంటు రాగానే ఎగిరిపోతుంది.