అఖల్-టెకె: కంబళ్ళ కింద బతికిన గుర్రం

1956లో సోవియట్ నాయకులు క్రుశ్చేవ్, బుల్గానిన్ బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్‌కు మెలెకుష్ అనే అఖల్-టెకె జాతి గుర్రాన్ని కానుకగా ఇచ్చారు. దాని ఒంటి మెరుపు చూసి, పాలిష్ పూసి పంపారేమో అనుకుని అక్కడి గుర్రపుశాల మనుషులు రుద్ది రుద్ది కడిగారట, కడిగిన కొద్దీ ఇంకా మెరిసిందట!

ఆ మెరుపు పుట్టుకతో వచ్చేదే. అఖల్-టెకె వెంట్రుకలో కాంతిని అడ్డుకునే భాగం తక్కువ, పారదర్శకంగా ఉండే భాగం ఎక్కువ, అందుకే లోపలికి దూరిన వెలుతురు వంగి లోహం మీద పడ్డట్టు తిరిగొస్తుంది. చర్మం కూడా బాగా పలచన, పరుగెత్తాక నరాలు ఉబ్బి కనిపిస్తాయి.

మరి ఇంత పలచటి ప్రాణి తుర్క్‌మెనిస్తాన్ కరకుమ్ ఎడారిలో ఎలా నెగ్గుకొచ్చింది? పగలు మాడ్చే ఎండ, చలికాలం రాత్రుళ్ళు గడ్డకట్టే చలి, మందలు మేపడానికి చాలినంత పచ్చిక లేదు. టెకె తెగవాళ్ళు గుర్రాన్ని డేరా పక్కనే కట్టేసుకుని, బార్లీలో గొర్రె కొవ్వు కలిపి పెట్టి, ఒంటి నిండా ఉన్ని అదిమి చేసిన మందపాటి కంబళ్ళు కప్పి, ఇంట్లో మనిషిలా సాకారు. దాని ఓర్పును అందరూ పొగుడుతారు గానీ, నాకైతే ఆ చేతుల ఓర్పే ముందు కనిపిస్తుంది.

1881లో టెకె తెగవాళ్ళ గియోక్ టెపె కోట రష్యన్ల వశమయ్యాక ఆ చేతుల పట్టు సడలింది. సోవియట్ కాలంలో సొంత గుర్రాలు సమష్టి వ్యవసాయ క్షేత్రాల పాలయ్యాయి. 1935లో తుర్క్‌మెన్ రౌతులు అష్గాబాద్ నుంచి మాస్కో దాకా 4,000 కిలోమీటర్లకు పైగా 84 రోజుల్లో స్వారీ చేసి, అందులో కరకుమ్‌ను మూడే రోజుల్లో దాటి, ఈ గుర్రాల సత్తా ఏంటో చూపించారు. అయినా 1950ల్లో వీటిని మాంసం కోసం కబేళాలకు తోలారు, రాణికి కానుక పంపిన ఆ రోజుల్లోనే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబ్సెంట్ అనే నల్లటి అఖల్-టెకె మీద సోవియట్ రౌతు సెర్గీ ఫిలాటోవ్ డ్రెస్సాజ్‌లో, అంటే రౌతు సైగలకు గుర్రం ఎంత చక్కగా అడుగులేస్తుందో చూసే పోటీలో, స్వర్ణం గెలిచాడు.

జాతి మిగిలింది, కానీ మందలు చిన్నవైపోతే దాగి ఉన్న జన్యులోపాలు పైకి తేలే ప్రమాదం ఎక్కువ. ఈ జాతిలో అప్పుడప్పుడు ఒంటి మీద దాదాపు వెంట్రుకలే లేకుండా పిల్లలు పుడతాయి, చాలావరకు కొన్ని వారాల్లోనే చనిపోతాయి. దీనికి కారణం ఎస్‌టీ14 అనే జన్యువులో లోపమని 2017లో తేల్చారు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ లోపం ఉంటేనే పిల్లకు ఆ గతి, పైకి మాత్రం ఇద్దరూ నిగనిగలాడుతూనే ఉంటారు. అందుకే ఇప్పుడు జత కట్టించే ముందు, ఆ మెరిసే వెంట్రుకలే కొన్ని కుదుళ్ళతో సహా పీకి డీఎన్ఏ పరీక్షకు పంపుకోవచ్చు.