‘ఫస్ట్ కాపీ’ తగువు: డయల్ మీది పేరుకు రెండు వందల ఏళ్ల చరిత్ర

ఎవరి చేతికైనా రోలెక్స్ సబ్‌మరీనర్ కనిపిస్తే, వాచీల మీద మోజున్నవాళ్లు ఆపుకోలేక అడిగే మాట ఒకటుంది: “ఒరిజినలా, ఫస్ట్ కాపీయా?” ఫస్ట్ కాపీ అంటే అచ్చం అసలుదానిలా చేసిన నకిలీ. జవాబు వచ్చాక గొడవ మొదలవుతుంది. కాపీ అని తెలిస్తే ఒకాయన ఇక ఆ మనిషితో వాచీల ఊసే ఎత్తడు. ఇంకొకాయన “పది లక్షలదానికీ నలభై వేలదానికీ తేడా నీ కంటికి కనబడిందా?” అని నిలదీస్తాడు. “కొనే ముందు చేతికి నప్పుతుందో లేదో చూసుకుందామని కాపీ తెప్పించాను, తప్పేముంది?” అనేవాళ్లూ ఉన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా పాత వాచీలు పోగేస్తున్నాను. ఈ తగువు లెక్కలేనన్ని సార్లు విన్నాను. అందరూ ధర గురించే మాట్లాడతారు కానీ, అసలు ముడి డయల్ మీద రాసిన పేరు దగ్గర ఉందని నా నమ్మకం. ఆ పేరు కథ చాలా పాతది.

పద్దెనిమిదో శతాబ్దంలో వాచీ అంటే లండన్. అక్కడి పనివాళ్ల పేరుకు యూరప్ అంతటా గిరాకీ. దాంతో ఇంగ్లండ్ గడప తొక్కని వాచీల మీద కూడా ఏదో ఒక ఇంగ్లిష్ పేరు, దాని కింద ‘లండన్’ అని చెక్కి అమ్మేవాళ్లు. వాటిలో కొన్ని పేర్ల మనుషులు లండన్‌లో ఎన్నడూ లేరు. ఇలాంటి వాచీలను కలెక్టర్లు ఇప్పటికీ ‘డచ్ ఫోర్జరీలు’ అంటారు. నిజానికి వాటిలో చాలావరకు స్విట్జర్లాండ్‌లో తయారైనవే.

పారిస్‌లో 1775లో దుకాణం పెట్టిన అబ్రహాం-లూయీ బ్రెగేకు కూడా ఈ బెడద తప్పలేదు. రాజులు, రాణులు ఆయన ఖాతాదారులు. ఆయన పేరుతో దొంగ వాచీలు ఎంతగా పెరిగాయంటే, 1795 ప్రాంతంలో ఆయన ఒక ఉపాయం చేయాల్సి వచ్చింది. ఎనామెల్ డయల్ మీద 12 అంకె దగ్గర తన సంతకాన్ని సన్నని గీతలతో గీయించాడు. మామూలుగా చూస్తే కనబడదు. వెలుతురుకు వాచీని ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే తెలుస్తుంది. దాన్నే రహస్య సంతకం అంటారు. దాంతోపాటు ప్రతి వాచీకీ ఒక నంబరు వేసి, ఎవరికి ఎంతకు అమ్మిందీ లెడ్జరులో రాయించేవాడు. ఆ పుస్తకాలు ఆ సంస్థ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి, పాత బ్రెగే అసలుదో కాదో వాటిని చూసే తేలుస్తారు. పేరు అంటే పనివాడు ఇచ్చే మాట అనుకునే నాకు ఆ లెడ్జరు కంటే గొప్ప సాక్ష్యం లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో కథ తిరగబడింది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనకు వెళ్లిన స్విస్ వాళ్లు, అమెరికా ఫ్యాక్టరీలు యంత్రాలతో వేల కొద్దీ మంచి వాచీలు తీస్తున్నాయని చూసి ఉలిక్కిపడ్డారు. స్విస్ వాచీ కంపెనీ లాంజీన్స్ ఇంజనీరు జాక్ డేవిడ్ తిరిగొచ్చి, మనం మారకపోతే మునిగిపోతామని రిపోర్టు రాశాడు. పరిశ్రమ మారింది. అయితే ఆ రోజుల్లోనే అమెరికా వాచీల పోలికలతో, వాల్తమ్, ఎల్జిన్ అనే అక్కడి కంపెనీలను తలపించే పేర్లతో చవక వాచీలు చేసి అమెరికాలోనే అమ్మిన స్విస్ వ్యాపారులూ ఉన్నారు. ఈ రోజు నకిలీల మీద అందరికంటే గట్టిగా పోరాడుతున్న దేశం ఒకప్పుడు నకిలీల పుట్టిల్లు. “చైనా వాళ్లకు దొంగతనం రక్తంలోనే ఉంది” అని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ ముక్క తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది.

ఆ తర్వాత డెబ్బై, ఎనభై ఏళ్ల పాటు వాచీ టైమ్ చూసుకునే పనిముట్టుగానే ఉంది. హాన్స్ విల్స్‌డార్ఫ్ 1905లో లండన్‌లో వ్యాపారం మొదలుపెట్టి, 1908లో రోలెక్స్ అనే పేరు రిజిస్టర్ చేయించాడు. 1926లో నీరు చొరని ఆయిస్టర్ కేసు (మెషీన్ ఉండే లోహపు డబ్బా), 1931లో చెయ్యి కదిలితే తనంతట తానే కీ తిరిగే ఏర్పాటు, 1953లో నీళ్లలో దూకేవాళ్ల కోసం సబ్‌మరీనర్ వచ్చాయి. అవి ఖరీదైనవే, అయినా పని కోసం కొనుక్కున్నవి.

ఆ లెక్క 1969 డిసెంబరు 25న మారిపోయింది. ఆ రోజు టోక్యోలో సైకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ (బ్యాటరీతో నడిచే) వాచీని అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు, అంటే ఆ కాలంలో ఒక చిన్న కారు ఖరీదు. పదేళ్లు తిరిగేసరికి బ్యాటరీ వాచీ అందరికీ అందుబాటులోకి వచ్చేసింది. పైగా కీ ఇచ్చే వాచీ ఎంత ఖరీదైనదైనా, దానికంటే ఇదే సరిగ్గా నడుస్తుంది. స్విస్ వాచీ పరిశ్రమలో 1970 నాటికి దాదాపు 90 వేల మంది పనిచేసేవారు. 1980ల నడుమకు 30 వేల పైచిలుకు మిగిలారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

బతికి బయటపడ్డ కంపెనీలు పనిముట్టుగా వాచీ అమ్మడం మానేసి, చేతిపనిని, చరిత్రను, పేరును అమ్మడం మొదలుపెట్టాయి. 1972లోనే స్విస్ కంపెనీ ఓడ్మార్ పిగే, డిజైనర్ జెరాల్డ్ జెంటా గీసిన రాయల్ ఓక్ వాచీని తెచ్చింది. స్టీలు వాచీకి 3,300 ఫ్రాంకులు, చాలా బంగారు వాచీల కంటే ఎక్కువ. 1982లో జాన్-క్లోడ్ బివేర్, జాక్ పిగేతో కలిసి, మూతబడ్డ బ్లాంక్‌పాన్ అనే పాత స్విస్ వాచీ కంపెనీ పేరును కొన్నాడు. ఫ్యాక్టరీ లేదు, పనివాళ్లు లేరు, కొన్నది పేరు మాత్రమే. “1735 నుంచి మేం క్వార్ట్జ్ వాచీ చేయలేదు, ఇకపై చేయం” అన్న ప్రచారంతో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఇప్పటి తగువుకు విత్తనం ఇక్కడే పడిందని నేనంటాను. ధరకూ చేసే పనికీ సంబంధం తెగిపోయాక, ధరలో ఎక్కువ భాగం పేరుకే పోతున్నప్పుడు, ఆ పేరును దొంగిలిస్తే వచ్చే లాభం కూడా అంతే పెరుగుతుంది.

తొలి రోజుల నకిలీలను పట్టుకోవడం కష్టం కాదు. లోపల క్వార్ట్జ్ ఉండేది కాబట్టి సెకన్ల ముల్లు సెకనుకొకసారి గెంతేది. అసలు రోలెక్స్‌లో అది సెకనుకు ఎనిమిది చిన్న అడుగులు వేస్తుంది, కంటికి జారుతున్నట్టే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ తేడా పోయింది. స్విస్ ఈటీఏ కంపెనీ వారి 2824 మెషీన్‌కు పేటెంట్ గడువు తీరాక చైనా ఫ్యాక్టరీలు దాని నకళ్లను చట్టబద్ధంగానే చేయసాగాయి. వాటిని నకిలీ కేసుల్లో బిగిస్తే ముల్లు జారడం మొదలైంది. గత పదేళ్లలో వచ్చినవాటిని సూపర్ క్లోన్లు అంటున్నారు. వాటిలో రోలెక్స్ మెషీన్‌నే స్క్రూ స్క్రూకూ చూసి చేస్తున్నారు. 2000ల తొలినాళ్ల నుంచి రోలెక్స్ తన అద్దం మీద 6 అంకె దగ్గర లేజర్‌తో కంటికి ఆనని కిరీటం బొమ్మ వేస్తోంది. బ్రెగే రహస్య సంతకమే రెండు వందల ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చిందన్నమాట. కాపీ చేసేవాళ్లు దాన్నీ వేస్తున్నారు. ఇప్పుడు వెనక మూత విప్పకుండా తేల్చడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టమే.

కాపీని వెనకేసుకొచ్చేవాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. 2017 అక్టోబరులో నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లు పలికింది. ఆ తర్వాత వాచీని షేర్లలా చూసేవాళ్లు పెరిగారు. 2022 మొదట్లో స్టీలు డేటోనా షోరూమ్ ధర 15 వేల డాలర్ల లోపే, బయట మార్కెట్లో 40 వేలు దాటింది. షోరూమ్‌కు వెళితే వాచీ ఉండదు, వెయిటింగ్ లిస్ట్ ఉంటుంది. అంతకు ముందు ఆ షాపులో ఏమేం కొన్నారన్నది బట్టి వరస ముందుకు జరుగుతుందని కలెక్టర్లందరికీ తెలుసు. ఏళ్ల తరబడి డబ్బు దాచుకున్నవాడికి అలా తల వంచుకుని తిరిగొచ్చే అనుభవం ఎంత చేదుగా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

అసలు అన్న మాట కూడా ఎంత పలుచనో ఒమేగా ఉదంతం చూపించింది. 2021 నవంబరులో జెనీవా వేలంలో స్విస్ కంపెనీ ఒమేగా 1950ల నాటి స్పీడ్‌మాస్టర్ వాచీ ఒకటి 31 లక్షల ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగానే, తన మ్యూజియం కోసం. 2023లో ఆ సంస్థే ఒప్పుకుంది: అది రకరకాల వాచీల భాగాలు తెచ్చి కూర్చిన అతుకుల బొంత, అందులో తమ మాజీ ఉద్యోగుల హస్తం ఉంది అని. డయల్ మీద ఒమేగా అనే ఉంది, కానీ ఒమేగా అలాంటి వాచీని చేయలేదు.

మన దగ్గర ఈ కథకు వేరే దారి ఉంది. విదేశీ వాచీ రావడమే గగనమైన రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు కరీంనగర్‌కైనా కోనసీమకైనా సైకో 5, రికో వాచీలు తెచ్చేవాళ్లు. దేశంలో దొరికేది ప్రభుత్వ కంపెనీ హెచ్ఎంటీ వాచీ. దాని తయారీ 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైంది. జనతా, సోనా, పైలట్, కోహినూర్ అనే దాని మోడళ్లలో ఒక్కటైనా లేని ఇల్లు ఉండేది కాదు. పెళ్లిలో అల్లుడికి, పరీక్ష పాసైన కొడుకుకు అదే కానుక. టైటాన్ క్వార్ట్జ్ వాచీలు వచ్చాక అది వెనకబడింది. 2016లో వాచీల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. మూతపడే వార్తతో మళ్లీ గిరాకీ వచ్చింది, గిరాకీతో నకిలీలూ వచ్చాయి. పాత డయల్ గీకేసి, కంపెనీ ఏనాడూ వేయని రంగులు పూసి, హెచ్ఎంటీ అని మళ్లీ అచ్చేసి అమ్ముతున్నారు. విదేశీ కలెక్టర్లు వీటిని ‘ముంబై స్పెషల్’ అంటారు. కొన్ని వందల రూపాయల వాచీకే ఇలా జరిగిందంటే, ఇది డబ్బున్నవాళ్ల గొడవ మాత్రమే అని ఎలా అంటాం?

చట్టం విషయానికి వస్తే, 1999 నాటి మన ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం దొంగ మార్కు వేసినా, అలాంటి సరుకు అమ్మినా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అది అమ్మేవాడి మీదికే వెళుతుంది, పెట్టుకున్నవాడి మీదికి కాదు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ప్రయాణికుడి సొంత నకిలీని కూడా కస్టమ్స్ వాళ్లు లాక్కోవచ్చు. డిజైన్‌కు రక్షణ కొన్నేళ్లే ఉంటుంది, పేరుకు మాత్రం రెన్యూవల్ చేసుకుంటూ పోయినన్నాళ్లూ ఉంటుంది. అందుకే సబ్‌మరీనర్ రూపంతో సొంత పేరు వేసుకుని అమ్మే ఇన్విక్టా, స్టైన్‌హార్ట్ లాంటివి ‘హోమేజ్’లుగా చెల్లుబాటు అవుతున్నాయి. ఆ రూపం ఇష్టమైన కుర్రవాళ్లు అడిగితే నేను వాటినే చూపిస్తాను.

ఫస్ట్ కాపీ పెట్టుకున్నవాడు తనను తాను మోసం చేసుకోవడం లేదు, అది నిజమే. కానీ వాచీ ఒక మనిషి దగ్గర ఆగదు. అమ్ముడవుతుంది, తాకట్టుకు వెళుతుంది, కొడుక్కి వస్తుంది. మొదటివాడికి తెలిసిన సంగతి మూడోవాడికి ఎవరు చెబుతారు?

ఎనిమిదేళ్ల కిందట నేను ఒక హెచ్ఎంటీ పైలట్ కొన్నాను. నల్ల డయల్, కొత్తగా మెరుస్తోంది. అమ్మినతను వాళ్ల నాన్నగారిదని చెప్పాడు, అతనూ అలాగే నమ్మి ఉంటాడు. మా రిపేరు తాత కంటికి లూప్ (చిన్న భూతద్దం) పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, “డయల్ పెయింటు కొట్టిందయ్యా, మిషన్ మాత్రం మంచిదే” అన్నాడు. ఏడాది తర్వాత ఆయనే ఎక్కడో వెలిసిపోయిన అసలు డయల్ సంపాదించి బిగించాడు. తీసేసిన డయల్‌ను పారేయలేదు. వెనక ‘రీడయల్, అసలుది కాదు’ అని పెన్నుతో రాసి డబ్బాలో పెట్టాను, నా తర్వాత ఆ డబ్బా ఎవరి చేతికి వెళ్లినా తెలిసేలా.