మామ్మగారిని లేవనివ్వండి: వృద్ధాశ్రమాల్లో అపోహలు - వాస్తవాలు

కోనసీమలోని వృద్ధాశ్రమాలకు ఫిజియోథెరపిస్టుగా వెళ్తుంటాను. అక్కడి ఆయాలు పెద్దవాళ్ళను కన్నవాళ్ళలా చూసుకుంటారు. మంచినీళ్ళ గ్లాసు కూడా మంచం దగ్గరికే తెచ్చి ఇస్తారు. ఆ ప్రేమతోనే మనం వాళ్ళ కాళ్ళలో సత్తువ తీసేస్తున్నామని చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా చెప్పక తప్పదు.

అపోహ: జీవితమంతా చాకిరీ చేశారు, ఇక పడుకోనివ్వండి.

వాస్తవం: సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచం దిగనివ్వకుండా ఉంచి, ఆ ఫలితాలను 2007లో అమెరికాలో ప్రచురించారు. ఆ కొద్ది రోజుల్లోనే వాళ్ళ కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. జ్వరంతో వారం పడుకున్న మామ్మగారు తర్వాత లేవలేకపోతే ‘వయసు మీద పడింది’ అని ఊరుకుంటాం. పోయింది కండ. అది తిరిగి వస్తుంది.

అపోహ: తొంభై ఏళ్ళకు బలం ఏం పెరుగుతుంది?

వాస్తవం: బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకు బరువులతో వ్యాయామం చేయించారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. 1990 నాటి మాట ఇది. మనకు బరువులు కూడా అక్కర్లేదు, చేతులున్న గట్టి కుర్చీ చాలు. కుర్చీని గోడకు ఆనించి, మామ్మగారిని అంచుకు జరిగి కూర్చోమనండి. పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు కూలబడకుండా మెల్లగా దిగాలి. ఆ దిగడంలో కూడా తొడలకు పని పడుతుంది. ఐదుసార్లతో మొదలుపెట్టండి. గుండె జబ్బు ఉన్నా, ఈమధ్య ఎముక విరిగినా ముందుగా డాక్టరును అడగండి.

అపోహ: మోకాళ్ళు అరిగాయి, నడిస్తే ఇంకా అరుగుతాయి.

వాస్తవం: తొడ కండ గట్టిపడితే మోకాలి నొప్పి తగ్గుతుంది. కీళ్ళవాతానికి వ్యాయామం కూడా వైద్యమే.

అపోహ: నడిపిస్తే పడిపోతారు.

వాస్తవం: ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే మంచానికి అంటిపెట్టుకున్న కొద్దీ కాళ్ళు మరింత తడబడతాయి. 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు బలాన్నీ నిలదొక్కుకునే శక్తినీ పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన జాగ్రత్తలు మనం తీసుకోవాలి. మన తేమకు స్నానాల గదిలో పాచి పడుతుంది, దాన్ని గీకించండి. అరిగిన చెప్పులు మార్చండి. బీపీ మాత్రలు వేసుకునేవారు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి.

అపోహ: ఎంత చెప్పినా వినరు.

వాస్తవం: ఎనభై దాటిన ఒక రైతు ఉండేవారు. వ్యాయామం అంటే గోడ వైపు తిరిగి పడుకునేవారు. జూన్‌లో ఒకరోజు, వేసవికి కట్టేసిన కాలువకు నీళ్ళు వదిలారని ఎవరో అన్నారు. ఆయన లేచి కూర్చుని, “ఎందాకా వచ్చాయి?” అని అడిగారు.

“చూసొద్దాం రండి, తాతగారూ” అన్నాను.

ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి నా భుజం మీద. గేటు దాటి గట్టు చేరేలోపు రెండుసార్లు ఆగాం. ఎండుటాకులను, కొబ్బరి మట్టలను తోసుకుంటూ నీళ్ళు వస్తున్నాయి. చాలాసేపు చూసి, “ఈసారి సార్వా నాట్లు ముందే పడతాయి” అన్నారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి చెప్పులు తొడుక్కుని కూర్చున్నారు.