న్యోస్: గోలీసోడా లాంటి సరస్సు

1986 ఆగస్టు 21 రాత్రి. ఆఫ్రికాలో కామెరూన్ దేశపు వాయవ్య కొండల్లో న్యోస్, చా, సుబుమ్ ఊళ్ళ జనం చాలామంది పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు. లెక్క తేలినవాళ్ళు 1,746 మంది. పశువులు మూడున్నర వేల దాకా. ఇళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. నీలంగా ఉండే న్యోస్ సరస్సు ఎర్రబడి ఉంది.

నిజానికి రెండేళ్ళ ముందే, 1984 ఆగస్టు 15న, అదే దేశంలో మోనౌన్ సరస్సు దగ్గర 37 మంది ఇలాగే చనిపోయారు. సరస్సులోంచి గ్యాస్ వచ్చిందని సిగుర్డ్‌సన్ అనే శాస్త్రవేత్త చెబితే పెద్దగా ఎవరికీ ఎక్కలేదు.

న్యోస్ ఒకప్పటి అగ్నిపర్వత బిలం. లోతు 200 మీటర్ల పైనే. అడుగున శిలాద్రవం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఊటలతో పాటు చేరి నీళ్ళలో కరిగిపోతుంది. పైనున్న నీటి బరువు దాన్ని అక్కడే నొక్కి ఉంచుతుంది. చలిదేశాల్లో పైనీరు బాగా చల్లబడి కిందికి దిగుతుంది కాబట్టి సరస్సులో పైనీరూ అడుగునీరూ ఏటా కలిసిపోతాయి. ఇక్కడ అలా కాదు, గ్యాస్ ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. గోలీసోడాలో గోలీ పడేదాకా గ్యాస్ కనిపించదు కదా, అదే సంగతి. ఆ రాత్రి గోలీని నొక్కింది కొండచరియా, చల్లటి వానా, గాలా అన్నది ఇప్పటికీ తేలలేదు. అడుగునీరు కాస్త పైకి లేచింది, బుడగలు పుట్టాయి, ఆ బుడగలే మరింత నీటిని పైకి లాగాయి. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువైన ఆ గ్యాస్ లోయల వెంట పాకి 25 కిలోమీటర్ల దాకా పోయింది, గాలిని పక్కకు నెట్టి జనానికి ఊపిరాడకుండా చేసింది. అడుగున ఉన్న ఇనుము పైకొచ్చి తుప్పు పట్టడం వల్లే ఆ ఎరుపు.

నూనె ఉండగానే దీపాలు ఆరిపోయాయని బతికినవాళ్ళు చెప్పారు. మన ఊళ్ళలో పాడుబడ్డ బావిలో దిగేముందు దీపం దింపి చూసేది ఈ భయంతోనే.

1987 మార్చిలో కామెరూన్ రాజధాని యౌండేలో శాస్త్రవేత్తలు చేరి గట్టిగానే వాదించుకున్నారు. అగ్నిపర్వతమే గ్యాస్ కక్కిందని ఫ్రాన్స్‌కు చెందిన అగ్నిపర్వతాల నిపుణుడు తాజియెఫ్ వర్గం, కాదు, నీళ్ళలో దాచుకున్నదే బయటపడిందని అమెరికన్లు. ఇది ఉత్త పంతాల గొడవ కాదు. అగ్నిపర్వతమైతే ఊరొదిలి పారిపోవడమే దారి. నీళ్ళదే తప్పైతే గ్యాస్‌ని తోడెయ్యొచ్చు.

రెండో మాటే చివరికి నిలబడింది. 2001లో సరస్సు అడుగుదాకా ఒక గొట్టం దించారు. పంపు మొదట్లోనే కావాలి, తర్వాత గ్యాసే నీటిని తోసుకొస్తుంది. 50 మీటర్ల ఎత్తున ఫౌంటెన్ లేచింది. ఒక్క గొట్టం చాలదని 2011లో మరో రెండు వేశారు.

ఇలాంటిదే, ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది, కాంగో, రువాండాల మధ్య కివు సరస్సు. ఒడ్డున 20 లక్షల మంది ఉంటారు. దాంట్లో మీథేన్ కూడా ఉండటంతో రువాండా దాన్ని తోడి కరెంటు తీస్తోంది.