మూడు చుట్ల తాడు, ఒక్క చేతి బలం

పరకాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "సార్, పాండవుల గుట్టల మీద ఎవరికన్నా కాలు విరిగితే ఎట్ల దింపుతరు? హెలికాప్టర్ రావాల్నా?"

హెలికాప్టర్ సంగతి తర్వాత చూద్దాం. ఆ పిల్లవాడు తనకు తెలియకుండానే ఒక మాట సరిగ్గా వాడాడు: దింపుతరు. టీవీ వార్తలు చూసేవాళ్ళు మామూలుగా "పైకి లాగారు" అంటారు. కొండల్లో మనుషుల్ని కాపాడే బృందాలు మాత్రం వీలున్నంత వరకు కిందికే దింపుతాయి. ఎందుకో చెప్పాలంటే మా ఊరి బాయి దగ్గరికి పోవాలి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బాయిలోకి కరెంటు మోటారు దింపుతున్నారు. నలుగురు మగవాళ్ళు తాడు పట్టుకున్నారు. మోటారు గట్టు దాటగానే తాడు సర్రున జారింది, ఇద్దరికి అరచేతుల తోలు లేచిపోయింది. మోటారు దరిలో ఇరుక్కుంది కాబట్టి బతికిపోయాం. అప్పుడు మా కాక వచ్చి, తాడును పక్కనున్న వేపచెట్టు మొదలుకు మూడు చుట్లు చుట్టి, కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గట్టిగ పట్టకురా, మెల్లగ ఇడువు" అన్నాడు. బక్కపిల్లాణ్ణి. అంత బరువు మోటారు నా మాట విని దిగింది. ఆ రోజు నాకు ఎంత గర్వమో!

ఆ గర్వం వేపచెట్టుకు దక్కాల్సిందని ఇంటర్‌లో తెలిసింది.

ఇది చక్రవడ్డీ లెక్క. తాడు చెట్టును చుట్టుకుని పోతున్నప్పుడు ప్రతి అంగుళం దగ్గరా రాపిడి కొంత బిగువును కోసుకుంటుంది. ఇన్ని కిలోలు అని కాదు, ఉన్నదాంట్లో ఇంత శాతం అని. తర్వాతి అంగుళం మిగిలినదాంట్లోంచి మళ్ళీ అదే శాతం కోస్తుంది. షావుకారు దగ్గర అప్పు ఎట్లా పెరుగుతుందో, చెట్టు దగ్గర బిగువు అట్లా తరుగుతుంది. ఘర్షణ గుణకం, అంటే రాపిడి ఎంత గట్టిదో చెప్పే అంకె, 0.3 అనుకుందాం. ఒక చుట్టుకు బిగువు దాదాపు 6.6 రెట్లు తగ్గుతుంది. రెండు చుట్లకు 13 రెట్లు అనుకుంటారు. కాదు, 6.6ను 6.6తో గుణించాలి: 43 రెట్లు. మూడు చుట్లకు 285 రెట్లు! ఒక కొసన 200 కిలోలు వేలాడుతుంటే రెండో కొసన 700 గ్రాముల పట్టు చాలు. ఒక పావుకిలో తక్కువ కిలో వంకాయల సంచి అనుకోండి.

ఇంకో వింత. చెట్టు లావుతో పనే లేదు. లావు చెట్టుకు తాడు ఎక్కువ పొడవున తాకుతుంది, కానీ ఆ మేరకు మెత్తగా ఒత్తుతుంది. రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. ఎన్ని చుట్లన్నదే లెక్క. ఈ సూత్రాన్ని 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త రాసిపెట్టాడు. మన రైతులు రౌడీ కోడెను గుంజకు రెండు చుట్లు వేసి ఆపడం అంతకు ముందు నుంచే ఉంది.

బడిలో మేము ఘర్షణను ఎట్లా చెప్పాం? రెండు వరుసల పట్టిక: లాభాలు, నష్టాలు. నాలుగు మార్కులు. ముప్పై ఏళ్ళు ఆ పట్టికే దిద్దాను. ఒకే తాడు, ఒకే రాయి, ఒకే రోజు, దిక్కు మారితే లాభం నష్టంగా మారుతుందని ఒక్క పిల్లవాడికైనా చెప్పానో లేదో.

ఇప్పుడు గుట్ట ఎక్కుదాం. గాయపడిన మనిషి, స్ట్రెచర్, పక్కన కనిపెట్టుకుని దిగే రక్షకుడు కలిపి 200 కిలోలు అనుకోండి. తాడు కొండ అంచు మీదుగా వంగి కిందికి పోతుంది. అది పావు చుట్టు. అదే 0.3తో లెక్కేస్తే, దింపేటప్పుడు ఆ అంచే భారంలో కొంత మోస్తుంది, పైనున్నవాళ్ళకు తెలిసేది 125 కిలోలు. అదే మనిషిని అదే అంచు మీదుగా లాగితే? 320 కిలోలు. రాయి మారలేదు. తాడు ఏ దిక్కుకు పోతోందన్నది మారింది, అంతే. అందుకే అంచుల దగ్గర చిన్న రోలర్లు పెడతారు. అవి రాపిడిని తగ్గిస్తాయి, తాడు కోసుకుపోకుండా కూడా చూస్తాయి.

దింపేటప్పుడు చెట్టుకు బదులు డిసెండర్ వాడతారు, అంటే రాపిడితో తాడును నిదానంగా వదిలే లోహపు పరికరం. ఒక రకం చూడటానికి చిన్న నిచ్చెనలా ఉంటుంది. తాడు మెట్ల మధ్య పాములా మెలికలు తిరిగి పోతుంది. బరువు ఎక్కువైతే ఇంకో మెట్టు చేరుస్తారు, అంటే చుట్టు పెంచినట్టు. 200 కిలోలను 50 మీటర్లు దింపితే 98,000 జౌళ్ళ శక్తి బయటపడుతుంది. దాదాపు అంతా వేడిగానే. పావు లీటరు పైచిలుకు నీళ్ళు మరిగించొచ్చు, ఇద్దరికి చాయ్. ఆ వేడి చిన్న లోహపు ముక్కలోకీ, నైలాన్ తాడులోకీ పోతుంది. నైలాన్ రకాన్ని బట్టి 220 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అందుకే నిదానం. అసలు తాడుకు తోడు రెండో తాడు మామూలుగా ఉంటుంది, మొదటిది పోతే పట్టుకోవడానికి.

కొన్నిసార్లు లాగక తప్పదు. 2022 ఫిబ్రవరిలో కేరళలో, పాలక్కాడ్ జిల్లా మలంపుళ దగ్గర ఒక యువకుడు కొండ చీలికలో 40 గంటలకు పైగా ఇరుక్కుపోయాడు. సైనికులు పైనుంచి తాడుతో దిగి, నీళ్ళిచ్చి, నడుముకు బెల్టు కట్టి పైకే తీసుకెళ్ళారు. ఇట్లాంటప్పుడు తాడును గిరకల గుండా ఇంగ్లీషు జెడ్ ఆకారంలో మలుస్తారు. పుస్తకం ప్రకారం బలం మూడింతలు. మంచి గిరక ఒక్కొక్కటి పది శాతం మింగుతుంది, కాబట్టి నిజంగా వచ్చేది 2.71 రెట్లు. గిరకలు లేక ఉత్త కారబైనర్ కొక్కేలతో చేస్తే ఒక్కోచోట సగం పోతుంది, మిగిలేది 1.75. రోలరూ గిరకలూ ఉన్న బృందం లాగాల్సింది 74 కిలోలు (200ను 2.71తో భాగిస్తే), రెండూ లేని బృందం లాగాల్సింది 183 (అంచు రాపిడితో 320 అయినదాన్ని 1.75తో భాగిస్తే). పైగా 30 మీటర్ల కొండకు 90 మీటర్ల తాడు లాగాలి.

లాగుతూ మధ్యలో ఊపిరి తీసుకోవాలంటే తాడు వెనక్కి జారకూడదు కదా. దానికి ప్రూసిక్ ముడి. కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు 1931లో దీన్ని ప్రచురించాడు. సన్నతాడును పెద్దతాడుకు మూడు చుట్లు వేస్తే బరువు పడ్డప్పుడు బిగుస్తుంది, బరువు తీస్తే చేత్తో జరుగుతుంది. మన గౌడన్నలకు దీన్ని కొత్తగా నేర్పనక్కర్లేదు. మోకు చేసేది ఇదే. వెనక్కి ఒరిగితే తాటిచెట్టును కరుచుకుంటుంది, చెట్టుకు దగ్గరగా వస్తే వదులై పైకి జరుగుతుంది. కాకపోతే పట్టు తప్పితే ఆపడానికి రెండో తాడు లేదు. 2024లో తెలంగాణలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు ఇచ్చిన కిట్లు ఆ లోటుకే. వాటి తయారీలో పర్వతారోహకుల చేయి ఉంది. కాలికి నల్లదారం కట్టుకుని చెట్టెక్కేవాళ్ళను చూశాను. కట్టుకోండి, తప్పులేదు. నడుముకు మాత్రం ఇంకోటి కట్టుకోండి.

పడకుండా ఆగడంతోనే పని అయిపోదు. బెల్టులో కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్ళలో నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. వేలాడేవాళ్ళు కాళ్ళు ఆడిస్తూ ఉండాలి, కాపాడేవాళ్ళు ఆలస్యం చేయకూడదు. కిందపడి స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయడం మన దగ్గర ఒక ఆచారమైపోయింది. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దయచేసి పోయకండి.

ఈ పని ఎవరిదన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ఎక్కువగా జీతం లేని స్వచ్ఛంద బృందాలు, ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లోని చమోనీ దగ్గర 1958 నుంచి ప్రత్యేక పోలీసు దళం, స్విట్జర్లాండ్‌లో 1952లో పుట్టిన రేగా అనే రక్షణ సంస్థ హెలికాప్టర్లు. హిమాలయాల్లో సైన్యం, ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు పోలీసు దళం), రాష్ట్ర విపత్తు దళాలు. మనకు 112కు ఫోన్ చేస్తే మొదట వచ్చేది పోలీసులు, ఫైర్ సిబ్బంది. తర్వాత ఎన్డీఆర్ఎఫ్, అంటే జాతీయ విపత్తు దళం, మనకు దగ్గరి బెటాలియన్ విజయవాడ పక్కన. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్ళిన సుమారు 80 మంది వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. వాగు దాటొద్దు, ఎత్తు మీద ఆగండని పోలీసులు ఫోన్లో చెప్పారు. ఎన్డీఆర్ఎఫ్ బృందం రాత్రిపూట అడవిలోకి పోయి తెచ్చింది. ఆ చీకట్లో, ఆ వానలో, ఆ చెట్ల కింద హెలికాప్టర్ ఏం చేస్తుంది?

ఫోన్ సిగ్నల్ లేకపోతే విజిల్ గానీ టార్చి గానీ వాడండి. నిమిషానికి ఆరుసార్లు, తర్వాత ఒక నిమిషం ఆగి మళ్ళీ ఆరు. అటునుంచి నిమిషానికి మూడు వినిపిస్తే మీ పిలుపు అందినట్టు. ఆల్ప్స్‌లో పుట్టిన పద్ధతి ఇది, పాండవుల గుట్టల్లోనూ పనిచేస్తుంది.

రక్షణ బృందాలు ప్రతి తాడుకూ పుట్టిన తేదీ, మోసిన బరువులు రాసి పుస్తకం పెడతాయి. గట్టి దెబ్బ తిన్న తాడును ముక్కలుగా కోసి పారేస్తాయి, ఎవరూ పొరపాటున మళ్ళీ వాడకుండా. మా కాక తాడు బర్రెను కట్టేయడానికి పోయింది, తర్వాత దండెమైంది. పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు దాని మీద మా పిన్ని చీరలు ఆరేసి ఉన్నాయి.