షిప్ దిగాక వచ్చే జ్వరం: అపోహలు - వాస్తవాలు

"వాడు షిప్ దిగి రెండు వారాలైంది డాక్టర్ గారూ, ఇప్పుడు ఆఫ్రికా మలేరియా ఏంటి?" మర్చంట్ నేవీ కుర్రాళ్ళ ఇళ్ళల్లో ఈ మాట వినీ వినీ విసిగిపోయాను. ప్రాణం మీదికి తెచ్చే అపోహ ఇదే.

దోమ కుట్టిన రోజే జ్వరం రాదు. పరాన్నజీవి ముందు కాలేయంలో పెరిగి, ఆ తర్వాతే రక్తంలోకి దిగుతుంది. ఫాల్సిపారం అనే రకం మలేరియాకి కనీసం వారం, మామూలుగా నెలలోపు, ఒక్కోసారి మూడు నెలలు. వైవాక్స్ అనే రకం ఇంకా ఆలస్యంగా కూడా బయటపడుతుంది. అంటే షిప్‌లో డ్యూటీ ముగించి (సైన్ ఆఫ్ అయి) ఇంటికొచ్చి అమ్మ చేతి వంట తింటున్నప్పుడే ఒళ్ళు కాలడం మొదలవుతుంది.

ఒక సెప్టెంబర్‌లో మల్కాజిగిరి నుంచి థర్డ్ ఇంజనీర్ కుర్రాడిని తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా చలిజ్వరం. వేరేచోట డెంగీ టెస్ట్ నెగెటివ్ వచ్చినా, ప్లేట్‌లెట్లు 45 వేలున్నాయని డెంగీయే అన్నారట. ఇంట్లో బొప్పాయి ఆకు రసం పోస్తున్నారు. కళ్ళు పచ్చబడ్డాయి, మాట తడబడుతోంది. ఆఖరి పోర్ట్ ఏదని అడిగితే వాళ్ళ నాన్న చెప్పారు: "ఆఫ్రికాలోని లాగోస్ సార్. ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే స్మియర్ పరీక్షలో నిండా ఫాల్సిపారం. ఐసీయూలో ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో బతికాడు. "నేనే ఆలస్యం చేశానా?" అని ఏడ్చిన ఆ తల్లికి చెప్పాను, తప్పు మీది కాదమ్మా అని. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసింది మన బేగంపేటలోనే. అదే ఊళ్ళో నాలుగు రోజులు ఎవరూ మలేరియా టెస్ట్ రాయలేదంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి! డాక్టర్ అడిగేదాకా ఆగకండి. "ఆఫ్రికా నుంచి వచ్చాను, మలేరియా టెస్ట్ చేయండి" అన్నదే మీ మొదటి మాట కావాలి. జ్వరం వచ్చిన రోజే వెళ్ళండి. ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల్లో మళ్ళీ చేయించండి.

మిగతావి క్లుప్తంగా. చిన్నప్పుడు మలేరియా వచ్చిందని ఇప్పుడు రాకుండా పోదు. ఏసీ కేబిన్ ఉన్నా, పోర్ట్‌లో రాత్రి గ్యాంగ్‌వే వాచ్ (షిప్ ఎక్కే మెట్ల దగ్గర కాపలా) ఆరుబయటే కదా, మలేరియా దోమ అనాఫిలిస్ కుట్టేదీ చీకటి పడ్డాకే. ఆఫ్రికా ఫాల్సిపారంకి క్లోరోక్విన్ అనే మలేరియా మందు పనిచేయదు. ఇక మలేరియా రాకుండా ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ ప్రాంతం దాటాక 4 వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే 7 రోజులు కొనసాగించాలి. మాత్రలు సరిగ్గా వాడినా జ్వరం వస్తే టెస్ట్ తప్పదు.

అమ్మలూ, అబ్బాయి ఫోన్ చేసినప్పుడు పోర్ట్ పేరు అడిగి వంటింటి క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గరే రాసిపెట్టండి. జ్వరమొస్తే ఆ కాగితం కూడా పట్టుకుని రండి.